శాన్ డియేగో పోవాలంటే ముందు మాధవరం చేరాలి

మొక్కల, జంతువుల జన్యువుల మీద జరిగే ప్లాంట్ అండ్ యానిమల్ జీనోమ్ సదస్సు ఏటా జనవరిలో శాన్ డియేగోలో జరుగుతుంది. తిరుపతి నుంచి పోయేవాళ్లకు విమానం కన్నా పంచాంగంతోనే చిక్కు. సదస్సు సరిగ్గా సంక్రాంతి మీదికి వస్తుంది, కాస్త ముందో వెనకో వైకుంఠ ఏకాదశి. ఊళ్లో రూములుండవు, బస్సుల్లో సీట్లుండవు. ఫ్లెక్సీ షాపులో నాయకుల శుభాకాంక్షల వెనక పుంగనూరు పొట్టి ఆవుల మీద మన పరిశోధన పోస్టరు క్యూ కడుతుంది. రంగంపేటలో పశువుల పండగ జరిగే వేళకు పశువుల జన్యువుల మీద పనిచేసే మనం మాత్రం ఊళ్లో ఉండం. అందుకే వీసా పని వానలు ముదరకముందే తేల్చేద్దామని చీకటితోనే మద్రాసు బస్సెక్కాను.

సప్తగిరి రైలుంది కదా అనకండి. అది పొద్దున మద్రాసులో బయల్దేరి జనాన్ని మన కొండకు తెచ్చే బండి, మనకు దాని వేళ కుదరదు. బస్సయితే ఊత్తుకోట మీదుగా పోయి మద్రాసు శివారు మాధవరంలో దించుతుంది. అక్కడినుంచి మౌంట్ రోడ్డులోని అమెరికా కాన్సులేటుకు ఆటోవాడు అడిగే రేటు వింటే, ఆ డబ్బుతో మళ్లీ తిరుపతి వచ్చేయొచ్చు కదా అనిపిస్తుంది.

వీసా దరఖాస్తు ఫీజు 185 డాలర్లు. వీసా ఇవ్వకపోయినా ఆ డబ్బు తిరిగిరాదు. వేలిముద్రలకు ఒక అపాయింట్‌మెంటు, ఇంటర్వ్యూకు ఇంకొకటి, రెండూ వేర్వేరు చోట్ల. వరసరోజుల్లో దొరక్కపోతే రెండుసార్లు బస్సెక్కాల్సిందే. కాన్సులేటులోకి ఫోను, ల్యాప్‌టాప్, సంచి ఏవీ రానివ్వరు. బస్సు దిగి నేరుగా వచ్చినవాడు వాటిని ఎక్కడ పెట్టాలో ఎవరూ చెప్పరు. కాబట్టి ఒక్క పల్చటి ఫైలుతోనే వెళ్లాలి. తిరుగు టికెట్టు కూడా కాగితం మీదే ఉండాలి, ఫోనులో ఉందంటే ఆ ఫోను ఎవరి దగ్గర పెట్టామన్నది ఇంకో తలనొప్పి.

ఫైల్లో డీఎస్-160 అనే వీసా దరఖాస్తు ఫారం కన్ఫర్మేషన్, పోస్టరు అంగీకార పత్రం, రిజిస్ట్రేషన్ రసీదు, ఖర్చు ఎవరు పెడుతున్నారో చెప్పే లేఖ ఎలాగూ ఉంటాయి. చాలామంది వదిలేసేది ఒక పేజీ పరిశోధన వివరణ. బయోటెక్నాలజీ, జన్యుశాస్త్రం అన్న మాట కనబడితే 221(జి) కింద, అంటే ఇంకా పరిశీలించాలని, స్లిప్పు చేతికిచ్చి సీవీ, ప్రచురణల జాబితా, పరిశోధన వివరాలు పంపమని అడిగే అవకాశం ఎక్కువ. ఆ పరిశీలనకు గడువంటూ లేదు, వారాలు పట్టొచ్చు. ఏ జంతువు, ఏ కణజాలం, ఏ డేటా, డబ్బెవరిది అన్నవి మామూలు ఇంగ్లీషులో ముందే రాసి పెట్టుకోవాలి. రోగకారక క్రిములతో పనిలేదని, జన్యు సవరణ లేదని, నమూనాలేవీ వెంట తేవడం లేదని తేటగా చెప్పాలి.

ఆ ఆఖరి మాట రాసి ఊరుకుంటే చాలదు, పాటించాలి కూడా. మన జీవవైవిధ్య చట్టం, 2002 ప్రకారం ఇక్కడి పశువు రక్తంగానీ డీఎన్ఏగానీ విదేశీ ల్యాబుకు ఇవ్వాలంటే జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ అనుమతి ఉండాలి. ఆ ఆఫీసు కూడా మద్రాసులోనే, తరమణిలో. పోస్టరు వేసి ఫలితాలు చెప్పడం వేరు, జేబులో ట్యూబు పెట్టుకుపోయి స్నేహితుడికివ్వడం వేరు.

పుత్తూరులో పక్క సీటుకొచ్చినాయన మోచేతికి కొత్త కట్టు. పుత్తూరు కట్టు వేయించుకుని పిచ్చాటూరు దగ్గర ఊరికి తిరిగిపోతున్నాడు. నా ఫైలు మీద ఆవు బొమ్మ చూసి మొదలుపెట్టాడు.

"పుంగనూరా అన్నా? మా బావమరిది రెండు లచ్చలు పోసి దూడ తెచ్చినాడు. అది పెరగతానే ఉండాది. అసలు పుంగనూరేనా కాదా, మీ మిషన్లు చెప్తాయా?"

2024 సంక్రాంతికి ప్రధాని ఈ ఆవులకు మేత పెట్టిన ఫొటోలు వచ్చినాక పొట్టి దూడలన్నీ పుంగనూరు పేరుతోనే అమ్ముడుపోతున్నాయి. చెప్తాయన్నాను, కాకపోతే షరతులున్నాయి. పోల్చడానికి పలమనేరు ఫారంలోని మందలాంటి నమ్మకమైన మంద డేటా ఉండాలి. ముత్తాతల తరంలో ఒక్క జెర్సీ ఉన్నా సగటున 12.5 శాతం వాటా దానిదే అవుతుంది, అది జన్యుపరీక్షలో కనిపిస్తుంది. ఎత్తు చూసి మాత్రం చెప్పలేం. ఎత్తును ఒక్క జన్యువు నడపదు, ఎన్నో కలిసి నడుపుతాయి. మేత సంగతి సరేసరి. తోక వెంట్రుకలు వేర్లతో సహా ఓ ముప్పై పీకి కాగితం కవర్లో పెట్టమన్నాను. ప్లాస్టిక్‌లో పెడితే చెమ్మకు బూజు పడుతుంది.

"అట్లయితే ముందా సంగతి రాయండన్నా, మీ బోర్డు మీద."

నిజమే. నా పోస్టరు పైభాగమంతా 'రన్స్ ఆఫ్ హోమోజైగోసిటీ' పటాలే, అంటే తల్లి నుంచీ తండ్రి నుంచీ ఒకేలా వచ్చిన పొడవాటి డీఎన్ఏ ముక్కలవి. వేరే రక్తం కలిసిన పశువుల నుంచి ఈ జాతిని ఎలా గుర్తుపట్టాలన్నది కింద మూలకు పడింది. సదస్సులో పోస్టర్ల వరసలు నడిచేవాళ్లు ఒక్కోదాని ముందు ఆగేది కొద్ది సెకన్లే. ఊత్తుకోట వచ్చేలోపు ఫైలు వెనక కొత్త అమరిక గీసేశాను.

మిగతావి ఇంటికొచ్చాక సరిచేసేవి. పోల్చడానికి ఏ రిఫరెన్స్ జీనోమ్ (ప్రామాణిక జన్యుపటం) వాడామో పెద్ద అక్షరాల్లో ఉండాలి. ఆవు రిఫరెన్సుల్లో పాతదైన యూఎండీ3.1కూ కొత్తదైన ఏఆర్ఎస్-యూసీడీ1.2కూ మార్కర్ల (డీఎన్ఏ గుర్తుల) స్థానాలు మారిపోతాయి, రెండూ కలిపితే పటంలో శిఖరం లేనిచోట శిఖరం కనిపిస్తుంది. ఆ రిఫరెన్స్ హెర్‌ఫోర్డ్ అనే యూరప్ జాతి ఆవుది. డీఎన్ఏను చదివే చిప్‌లోని మార్కర్లను కూడా ఎక్కువగా యూరప్ జాతుల్లో చూసే ఎంచారు. అందుకే మన మూపురం ఆవుల వైవిధ్యం ఉన్నదానికన్నా తక్కువగా కనబడుతుంది. ఈ మాట మనమే రాసుకోకపోతే మొదటి ప్రశ్న అదే వస్తుంది.

ప్రింటింగు సంగతి. 7,77,000 మార్కర్ల మాన్‌హట్టన్ ప్లాట్‌ను (ఒక్కో మార్కరుకు ఒక్కో చుక్క పెట్టే పటం) వెక్టర్‌గా, అంటే ప్రతి చుక్కా విడిగా గీసేలా, ఉంచితే షాపులోని కంప్యూటరు బిగుసుకుపోతుంది. ఆ ఒక్క బొమ్మను 300 డీపీఐ చిత్రంగా మార్చి పెట్టాలి. షాపువాళ్లు పీడీఎఫ్‌ను కోరెల్ అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో తెరుస్తారు, గ్రీకు అక్షరాలు డబ్బాలైపోతాయి, అందుకని అక్షరాలన్నీ అవుట్‌లైన్లుగా (గీసిన బొమ్మలుగా) మార్చి ఇవ్వాలి. ఏ0 అంటే 84.1 × 118.9 సెంటీమీటర్లు, కానీ అమెరికా బోర్డుల కొలతలు అంగుళాల్లో ఉంటాయి. సైజు నిర్వాహకుల సూచనల్లో చూడకుండా ప్రింటుకివ్వొద్దు. ఫ్లెక్సీ చవకే, కానీ మడిస్తే ముడత పోదు, చుడితే గొట్టం మోయాలి. పండగ బస్సులో ఆ గొట్టం ఎవరో ఒకరి కంట్లో పొడుస్తుంది. గుడ్డ మీద వేయిస్తే చొక్కాల మధ్య మడిచి పెట్టేయొచ్చు. తిరుపతిలో అది వేసేవాళ్లు తక్కువ, మద్రాసులో వేస్తారు గానీ రేటు వింటే గుండె గుభేలుమంటుంది. అయినా అదే నయం.

అమెరికా అనగానే మంచు కోట్లు కొనేస్తుంటారు. శాన్ డియేగోలో జనవరి పగలు మన హార్స్‌లీ హిల్స్ చలికాలంలా ఉంటుంది. ఒక స్వెట్టరు చాలు, అది కూడా హాళ్లలోని ఏసీ కోసం. ఛార్జరుకు బల్లపరుపు పిన్నుల అడాప్టరు మాత్రం మర్చిపోకూడదు.

ఇంటర్వ్యూ కిటికీ దగ్గర మూడు నాలుగు ప్రశ్నల్లో తేలిపోయింది. స్లిప్పు ఇవ్వలేదు, పాస్‌పోర్టు ఉంచుకున్నారు, అంటే వీసా ఖాయమైనట్టే. మళ్లీ మాధవరం, మళ్లీ అదే ఆటో రేటు. బస్సులో కూర్చుని తిరుగు ప్రయాణం లెక్క చూస్తే మద్రాసులో దిగేది కనుమకో ముక్కనుమకో. ఆ సీటు రిజర్వేషను తెరిచిన రోజే పట్టుకోవాలి.