మా అమ్మాయి క్లాసులో పది ఆజ్ఞలు

"అమ్మా, మనం రూల్ బ్రేక్ చేస్తున్నామా?" అని అడిగింది మా అమ్మాయి. నాలుగో తరగతి. ఏ రూలే అంటే, క్లాసులో కొత్తగా పోస్టర్ పెట్టారనీ, విగ్రహాలు చేసుకోకూడదని అందులో ఉందనీ, మన ఇంట్లో చూస్తే అల్మారా నిండా ఉన్నాయనీ చెప్పింది. అది భయపడలేదు. స్విమ్మింగ్ పూల్ దగ్గర పరిగెత్తొచ్చా అని అడిగినట్టే అడిగింది. భయపడింది నేను.

టెక్సస్‌లో ఉన్నవాళ్లకి ఆ పోస్టర్ సంగతి తెలిసే ఉంటుంది. 2025లో చేసిన చట్టం అది, సెనేట్ బిల్ 10. ఎవరైనా బైబిల్లోని పది ఆజ్ఞల పోస్టర్లు విరాళంగా ఇస్తే ప్రభుత్వ స్కూళ్లు వాటిని ప్రతి క్లాసులోనూ పెట్టి తీరాలి. కనీసం 16 అంగుళాల వెడల్పు, 20 అంగుళాల ఎత్తు ఉండాలి, గదిలో ఏ మూల కూర్చున్నా కనబడాలి. ఏ మాటలు రాయాలో కూడా చట్టమే చెప్పింది. కెంటకీ ఇలాంటి చట్టమే చేస్తే సుప్రీంకోర్టు 1980లోనే కొట్టేసింది. కానీ 2022లో, ఆట అయ్యాక మైదానం మధ్యలో ప్రార్థన చేసిన ఫుట్‌బాల్ కోచ్ కేసులో అదే కోర్టు ఆయన పక్షాన తీర్పిచ్చి, ఇలాంటి కేసుల్ని తూచే పాత కొలతల్ని పక్కన పడేసింది. ఆ సందు దొరకగానే ముందు లూసియానా, తర్వాత టెక్సస్ దూరాయి.

ఆ రాత్రే ప్రిన్సిపాల్‌కి ఈమెయిల్ రాశాను. మర్యాదగా మొదలై మూడో పేరాకి అమెరికా రాజ్యాంగం దాకా వెళ్లింది. మా అబ్బాయి పదకొండో తరగతి, చదివి పంపొద్దన్నాడు. "ప్రిన్సిపాల్ ఏం చేస్తారమ్మా? చట్టం చేసింది వాళ్లు కాదు. అసలు నువ్వు స్కూల్ బోర్డ్ ఎలక్షన్‌లో ఓటేశావా?"

వేయలేదు. ఆ ఎన్నికలు మే నెలలో శనివారం వస్తాయి. మాకు శనివారాలంటే సంగీతం క్లాసు, మనబడి వార్షికోత్సవం, ఎవరిదో ఒకరి గృహప్రవేశం. మావాళ్లలో ఎంతమందిని అడిగినా ఇదే జవాబు. అధ్యక్ష ఎన్నికలప్పుడు మాత్రం అర్ధరాత్రి దాకా టీవీ ముందు కూర్చుంటాం.

మేం గృహప్రవేశాల్లో పులిహోర తింటున్నప్పుడు పని చేసుకున్నవాళ్లు చేసుకున్నారు. మా డాలస్ పక్కనే గ్రేప్‌వైన్‌లో పేట్రియట్ మొబైల్ అనే ఫోన్ కంపెనీ ఉంది. క్రైస్తవ సంప్రదాయవాద కంపెనీ అని తనే చెప్పుకుంటుంది. 2022లో అది ఈ చుట్టుపక్కల నాలుగు స్కూల్ డిస్ట్రిక్టుల్లో బోర్డు అభ్యర్థుల వెనక డబ్బు పెడితే, బలపరిచిన 11 మందీ గెలిచారు. రాష్ట్ర స్థాయిలో టిమ్ డన్, ఫారిస్ విల్క్స్ అని పశ్చిమ టెక్సస్ చమురు కోటీశ్వరులు ఉన్నారు. ఇద్దరూ చర్చిలో బోధించేవాళ్లే. రిపబ్లికన్ ప్రైమరీల్లో, అంటే పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికల్లో, తమకి నచ్చనివాళ్ల మీద పోటీదారులకి ఏళ్ల తరబడి నిధులిస్తూ వచ్చారు. ప్రైమరీలకి వచ్చి ఓటేసేవాళ్లు తక్కువ కాబట్టి కొద్దిమందిని కదిలిస్తే చాలు, శాసనసభ రంగు మారుతుంది. స్కూళ్లలో కౌన్సెలర్ల పనికి చాప్లిన్లను, అంటే మతబోధకులను, పెట్టుకోవచ్చన్న 2023 చట్టం, బైబిల్ కథలున్న ప్రాథమిక పాఠాలకి 2024లో రాష్ట్ర విద్యా బోర్డు 8–7 ఓట్లతో ఇచ్చిన ఆమోదం, ఇప్పుడీ పోస్టర్, అన్నీ వరసగా వచ్చినవే. నేను పోస్టర్ దగ్గర నిద్ర లేచాను.

మావాడు అక్కడితో ఆగితే బాగుండేది. "ఇండియాలో మీ స్కూల్లో ఏం ఉండేది?" అన్నాడు.

నాది జిల్లా పరిషత్ హైస్కూలు. ప్రార్థనలో రోజూ సరస్వతీ స్తోత్రం. పబ్లిక్ పరీక్షల ముందు సరస్వతి పటానికి పూజ, కొబ్బరిముక్క, పటికబెల్లం. మా క్లాసులో చర్చికి వెళ్లే అమ్మాయి ఒకతి ఉండేది. స్తోత్రానికి మాతోపాటే చేతులు జోడించి నిలబడేది గానీ ప్రసాదం తినేది కాదు. తన వంతు నా చేతిలో పెట్టేసేది. నేను రెండు ముక్కలు తిని సంతోషపడేదాన్ని. ఎందుకు తినవే అని ఒక్కసారి కూడా అడగలేదు. టీచర్లూ అడగలేదు. పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే స్కూల్లో మతబోధ ఉండకూడదని మన రాజ్యాంగం 28వ అధికరణం చెబుతుందని నేను సోషల్ పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను కూడా.

"అక్కడ అలవాటుగా జరిగేదిరా, ఇక్కడ చట్టం చేసి మరీ రుద్దుతున్నారు, తేడా లేదా?" అన్నాను. "చట్టమైతే కోర్టుకి వెళ్లొచ్చు. అలవాటైతే ఆ అమ్మాయి ఎక్కడికి వెళ్తుంది?" అన్నాడు. వీణ్ణి డిబేట్ క్లబ్బులో చేర్పించి, ఫీజు కట్టి, వారం వారం కారులో దింపింది నేనే.

ఇలాంటివాటికి నా కోపం ఎప్పుడూ ఒకవైపే వస్తుంది. హ్యూస్టన్ దగ్గర షుగర్‌లాండ్‌లో చిన్నజీయర్ స్వామి ఆధ్వర్యంలో 2024లో 90 అడుగుల హనుమంతుడి విగ్రహం పెట్టారు కదా. మరుసటి ఏడాది, సెనేట్‌కి పోటీ చేస్తున్న ఒకాయన దాన్ని అబద్ధపు దేవుడి విగ్రహమనీ, మనది క్రైస్తవ దేశమనీ రాశాడు. మా వాట్సాప్ గ్రూపు భగ్గుమంది. నేనూ కోపం ఎమోజీ పెట్టాను. మర్నాడు పొద్దున అదే గ్రూపులో, ఇండియా ఎవరి దేశమో, ఎవరు అణిగి ఉండాలో చెప్పే ఫార్వర్డ్ వచ్చింది. దాన్ని చూడనట్టు ఊరుకున్నాను. పంపినావిడ మా పిల్ల అరంగేట్రానికి ఫ్లాస్కుల్లో కాఫీ కాచి తెచ్చిన మనిషి.

ఉషా వాన్స్ విషయంలోనూ అంతే. 2024లో ఆమె పూర్వీకుల ఊరు వడ్లూరు పేరు అందరి స్టేటస్‌లోనూ ఉంది. 2025 అక్టోబర్‌లో మిసిసిపీలో వేలమంది ముందు ఆమె భర్త, ఉపాధ్యక్షుడు జేడీ వాన్స్, తన భార్య కూడా ఏదో ఒకరోజు క్రైస్తవంలోకి వస్తే బాగుండునని ఉందన్నప్పుడు గ్రూపులో ఎవరూ నోరెత్తలేదు.

అలాగని ఇది క్రైస్తవులకీ మనకీ గొడవ అనుకుంటే పొరపాటు. ఈ చట్టం మీద కేసు వేసిన కుటుంబాల్లో యూదులు, హిందువులు, ఏ మతమూ లేనివాళ్లతోపాటు క్రైస్తవులూ ఉన్నారు. ఇలాంటి బిల్లే 2023లో వచ్చినప్పుడు, ఇది క్రైస్తవానికే విరుద్ధమని టెక్సస్ శాసనసభలో వాదించిన సభ్యుడు జేమ్స్ టాలరికో సెమినరీలో, అంటే క్రైస్తవ బోధకుల్ని తయారుచేసే కాలేజీలో, చదివినవాడు. మతానికీ ప్రభుత్వానికీ మధ్య గోడ ఉందని అప్పటి అధ్యక్షుడు జెఫర్సన్ 1802లో ఉత్తరం రాసింది కూడా కనెక్టికట్‌లోని బాప్టిస్టులనే క్రైస్తవ శాఖవాళ్లకే. అక్కడ వాళ్లు మైనారిటీ, వేరే చర్చి పెత్తనానికి భయపడుతున్నవాళ్లు.

ఇక పిల్లలకి ఏం చెప్పాలంటారా? "కొంతమందికి అది పవిత్రమైన మాట, మనం గౌరవిద్దాం, మనింటి పద్ధతి మనది" అని చెప్పండి. నేనూ అదే చెప్పాను. "మరి నా క్లాసులో ఎందుకు పెట్టారు?" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు. పైగా రోజూ పొద్దున స్కూల్లో అది చెప్పే అమెరికా జెండా ప్రతిజ్ఞలో దేవుడున్నాడు, 1954లో చేర్చారు. టెక్సస్ ప్రతిజ్ఞలోనూ 2007లో చేర్చారు. ఇన్నాళ్లూ నాకు అభ్యంతరం లేదు. పేరు పెట్టలేదు కదా, ఆ ఖాళీలో మా వెంకన్ననే కూర్చోబెట్టుకున్నాను.

ఈమెయిల్ డ్రాఫ్టులోనే ఉంది. మావాడు మాత్రం స్కూల్ బోర్డ్ మీటింగ్‌లో మాట్లాడతానని పేరిచ్చి వచ్చాడు. మొదట గర్వపడ్డాను, పది నిమిషాలకి టెన్షన్ పట్టుకుంది. వీడియో ఆన్‌లైన్‌లో ఉండిపోతుంది, కాలేజీ అప్లికేషన్లు ముందున్నాయి, ఇప్పుడు మనకెందుకురా అన్నాను. వాళ్ల నాన్న, "నువ్వే కదా అన్యాయం అన్నావు" అన్నారు. సరే వెళ్లు, చెల్లి సంగతి మాత్రం ఎత్తకు అన్నాను. "దాని సంగతి చెప్పకపోతే ఇంక నేను చెప్పేదేముంది?" అంటాడు. మీటింగ్ సోమవారం. ఇద్దరం ఇంకా వాదించుకుంటూనే ఉన్నాం.