టీతో మింగిన ఐరన్ మాత్ర

ఐదో నెలలో నాకు ఐసు పిచ్చి పట్టుకుంది. అర్ధరాత్రి లేచి, ఫ్రిజ్‌లోంచి ట్రే తీసి, ముక్కలు కరకరా నమిలేదాన్ని. ఆ చప్పుడుకి మా ఆయన లేచి కూర్చునేవారు. కడుపుతో ఉన్నప్పుడు ఇలాంటి కోరికలు మామూలేనని అందరూ నవ్వేశారు, నేనూ నవ్వేశాను. ఒంట్లో ఐరన్ తగ్గితే ఐసు, మట్టి లాంటివి నమలాలనిపిస్తుందని అప్పటికి నాకు తెలియదు. మెట్లు సగం ఎక్కేసరికి గుండె దడదడలాడేది. బరువు పెరుగుతున్నాను కదా, అందుకేలే అనుకున్నాను.

ఆరో నెల రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 8.9 వచ్చింది, ఫెరిటిన్ 7. గర్భిణులకు హిమోగ్లోబిన్ 11 కన్నా తగ్గితే రక్తహీనత అంటారు. మధ్య మూడు నెలల్లో రక్తంలో నీటి భాగం బాగా పెరిగి పలచబడుతుంది కాబట్టి 10.5 వరకు ఫరవాలేదట. నాది అంతకన్నా చాలా కింద ఉంది. పైగా ఫెరిటిన్ అంటే ఒంట్లో దాచుకున్న ఐరన్ లెక్క, అదీ అడుగంటింది. మొత్తం గర్భకాలానికి సుమారు 1000 మిల్లీగ్రాముల ఐరన్ కావాలట. నేనేమో నాలుగో నెలలో రాసిచ్చిన మాత్రల్ని వికారంగా ఉందని డ్రాయర్లో పడేశాను. తప్పు నాదే.

ఈసారి బుద్ధిగా రోజూ వేసుకున్నాను. నాలుగు వారాల తర్వాత చూస్తే 9.0! ఏడుపొక్కటే తక్కువ. డాక్టర్ గారు రిపోర్టు పక్కన పెట్టి, "ఏ టైముకి వేసుకుంటున్నావమ్మా, దేంతో?" అని అడిగారు. పొద్దున టిఫిన్ అవ్వగానే, కాల్షియం మాత్రతో కలిపి, టీ తాగుతూ అన్నాను. అన్నీ ఒకేసారి మింగేస్తే పని అయిపోతుందని నా తెలివి. ఆవిడ నవ్వారు. టీ, కాల్షియం రెండూ ఐరన్‌ని ఒంటికి పట్టనివ్వవట. నెల రోజులూ మాత్ర లోపలికైతే వెళ్లింది, ఒంటికి మాత్రం పెద్దగా పట్టలేదు.

అప్పట్నించి పదకొండు గంటలకి, ఖాళీ కడుపుతో, నిమ్మరసం కలిపిన నీళ్లతో ఐరన్. కాల్షియం రాత్రి భోజనం తర్వాత. మాత్రకి అటూ ఇటూ రెండు గంటలు టీ బంద్, అన్నిటికన్నా కష్టమైంది ఇదే. వారానికే కడుపులో తిప్పడం మొదలైతే, రోజు విడిచి రోజు వేసుకోమన్నారు. ఒక మోతాదు పడ్డాక లివర్ హెప్సిడిన్ అనే హార్మోన్‌ని పెంచుతుందట, అది దాదాపు ఒక రోజు పాటు ఐరన్‌ని లోపలికి సరిగా రానివ్వదట. అందుకని ఒక రోజు ఆగినా పెద్ద నష్టం ఉండదన్నారు. మలబద్ధకానికి నీళ్లు, నడక. అదీ పూర్తిగా తగ్గలేదు, భరించాను.

ఒక రోజు విరేచనం నల్లగా కనిపించి హడలిపోయాను, లోపల రక్తం పోతోందేమోనని. ఫోన్ చేస్తే, పట్టని ఐరన్ అలాగే బయటికి వస్తుందని, తారులా జిగటగా ఉంటే మాత్రం వెంటనే రమ్మని చెప్పారు.

తేడా మొదట రిపోర్టులో కనపడలేదు, ఫ్రిజ్‌లో కనపడింది. పద్ధతి మార్చిన రెండో వారంలో నీళ్ల సీసా కోసం తలుపు తీస్తే, ఐసు ట్రే నిండుగా ఉంది. ముట్టుకుని ఎన్నాళ్లయిందో గుర్తే లేదు. ఆ నెలాఖరుకి 10.2, కాన్పుకి ముందు 11.3. ఇంకా పెరగకపోతే సెలైన్‌లో ఐరన్ ఎక్కిద్దామనుకున్నారట, ఆ అవసరం పడలేదు.

పాప పుట్టాక కూడా మూడు నెలలు వేసుకోమన్నారు, ఖాళీ అయిన నిల్వ నిండాలి కదా. పదకొండింటి అలారం ఇంకా మోగుతూనే ఉంది. మాత్రల డబ్బా మాత్రం డ్రాయర్లోంచి బీరువా పై అరలోకి మారింది. ఐరన్ మాత్రలు పిల్లలు మింగితే ప్రాణం మీదికి వస్తుందట. పాప ఇంకా బోర్లా పడనే లేదని మా ఆయన వెక్కిరిస్తున్నారు. వెక్కిరించనీ.