స్విచ్ మర్చిపోయింది, రౌటర్ మర్చిపోలేదు

వైర్‌షార్క్‌లో (నెట్‌వర్క్ ట్రాఫిక్‌ని పట్టి చూపించే టూల్) చూస్తే బ్యాకప్ సర్వర్‌కి పోవాల్సిన ఫ్రేములన్నీ (డేటా ముక్కలు) దానితో సంబంధం లేని ఈ స్విచ్ పోర్టుకీ వచ్చి పడుతున్నాయి. అందరికీ పోయే బ్రాడ్‌కాస్ట్ కాదు, అచ్చంగా ఒక్కరికే పోవాల్సిన యూనికాస్టే. పోర్ట్ మిర్రరింగ్ (ఒక పోర్టు ట్రాఫిక్‌ని ఇంకో పోర్టుకి కాపీ చేయడం) కూడా ఎవరూ పెట్టలేదు.

హ్యాకింగ్ అని కంగారు పడక్కర్లేదు. ఏ మ్యాక్ అడ్రస్ (పరికరం హార్డ్‌వేర్ చిరునామా) ఏ పోర్టులో ఉందో స్విచ్ నేర్చుకునేది ఫ్రేములోని సోర్స్, అంటే పంపినవారి అడ్రస్ నుంచే. ఆ సర్వర్ జవాబులేమో రెండో కోర్ (నెట్‌వర్క్ నడిమి ప్రధాన స్విచ్) మీదుగా పోతున్నాయి, ఈ కోర్‌కి దాని గొంతే వినపడదు. చాలా స్విచ్‌ల్లో డిఫాల్ట్‌గా 300 సెకన్లు దాటితే ఆ మ్యాక్ ఎంట్రీ చెరిగిపోతుంది. ఇక ప్రతి ఫ్రేమూ ఆ వీల్యాన్‌లోని (స్విచ్‌లో విడదీసిన ఒక నెట్‌వర్క్ భాగం) అన్ని పోర్టులకీ, వచ్చిన పోర్టుకి తప్ప.

రౌటింగ్ వైపు ఏఆర్‌పీ ఎంట్రీ (ఏ ఐపీకి ఏ మ్యాక్ అనే లెక్క) మాత్రం సిస్కో పరికరాల్లో డిఫాల్ట్‌గా 4 గంటలు కదలదు. మ్యాక్ తెలుసు కదా అని రౌటర్ మళ్లీ అడగదు. అడిగితే ఆ జవాబు చూసైనా స్విచ్ నేర్చుకునేది!

ఏఆర్‌పీ టైమౌట్ 270 సెకన్లకి దించండి, లేదా మ్యాక్ ఏజింగ్‌ని (ఎంట్రీ చెరిగే ఆ 300 సెకన్ల గడువు) 14,400 సెకన్లకి, అంటే 4 గంటలకి పెంచండి. హోస్టులు వేలల్లో ఉంటే రెండోదే మేలు, ఏఆర్‌పీ ప్రశ్నల మోత తగ్గుతుంది.

అయినా ఆగలేదా? స్పానింగ్ ట్రీ (స్విచ్‌ల మధ్య లూపులు రాకుండా చూసే ప్రోటోకాల్) టాపాలజీ మార్పుల, అంటే లింకుల మార్పుల, కౌంటర్ చూడండి. పాత స్పానింగ్ ట్రీలో ఒక్క మార్పు చాలు, ఏజింగ్ కాసేపు 15 సెకన్లకి పడిపోతుంది. పీసీల పోర్టుల్లో పోర్ట్‌ఫాస్ట్ (పోర్టు ఆగినా వచ్చినా దాన్ని టాపాలజీ మార్పుగా లెక్కించని సెట్టింగ్) లేకపోతే ఎవరు సిస్టమ్ ఆపినా ఇదే తంతు.