స్కూల్ నాటకానికి స్క్రిప్ట్ పాస్ చేయించుకోవడం: నా అనుభవం

మొన్ననే మా పిల్లల నాటకం ఆడేశాం. నా గొంతు ఇంకా సరిగ్గా రాలేదు, కోపం మాత్రం అలాగే ఉంది. హైస్కూల్లో నాటకం నేర్పేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

పాత్రల ఎంపిక, రిహార్సళ్లు, సెట్టు, లైట్లు సాఫీగానే అయిపోయాయి. పెద్ద వేషం రాని పిల్లల తల్లిదండ్రుల ఫోన్లు ఎప్పుడూ ఉండేవే. జాబితా సాయంత్రం బెల్లు కొట్టాక అంటించండి, మర్నాటికి సగం వేడి తగ్గుతుంది.

నన్ను ఏడిపించింది స్క్రిప్ట్ కమిటీ. ప్రిన్సిపాల్, లెక్కల హెడ్, సైన్స్ మాస్టారు, తల్లిదండ్రుల తరఫున ఒకాయన. స్క్రిప్ట్ ముందే పంపినా ఎవరూ తెరవలేదు. "కథ రెండు ముక్కల్లో చెప్పండి మేడమ్" అన్నారు. చెప్పాను. తాగుబోతు తండ్రి ఎందుకు, వ్యాపారంలో నష్టపోయాడని పెట్టొచ్చుగా అని ఒకరు. "చివర్లో చచ్చిపోతాడా? జనం ఏడుస్తూ ఇళ్లకెళ్లాలా? ఓ గ్రూప్ డాన్స్‌తో ముగించండి" అని ఇంకొకరు.

ఆ తర్వాత లెక్కల హెడ్ గారికి ముచ్చట పుట్టింది. "ఓ సీను చేసి చూపించండి, మాకూ తెలియాలిగా." చేశాను. ఆ గదిలో, కుర్చీల మధ్య, తాగుబోతు తండ్రిగా. మధ్యలో ఒకాయన ఫోనెత్తి మాట్లాడుకున్నాడు. ప్రిన్సిపాల్ బిల్లుల మీద సంతకాలు పెడుతూనే ఉన్నారు. అయ్యాక "మీరే వేసెయ్యండి, పిల్లలెందుకు!" అని నవ్వులు. సిలబస్ పాస్ చేసేముందు లెక్కల మాస్టారిని బోర్డు దగ్గర నిలబెట్టి లెక్క చేయించిన కమిటీని ఎక్కడైనా చూశారా?

నన్ను గట్టెక్కించింది నాటకం ఆడుకోవడానికి హక్కుదారులు ఇచ్చిన లైసెన్స్ కాగితం. రాతపూర్వక అనుమతి లేకుండా మాటలు కత్తిరించకూడదు, ఆడపాత్రను మగపాత్ర చేయకూడదు, ముగింపు మార్చకూడదు అని అందులో స్పష్టంగా ఉంది. అది బల్ల మీద పెట్టాను. "అయితే హక్కుల గొడవలేని పాత నాటకం వేయండి" అన్నారు వెంటనే.

దానికీ సిద్ధపడే వెళ్లాను. కాపీరైట్ మీద దేశాలు చేసుకున్న బెర్న్ ఒప్పందం ప్రకారం రచయిత పోయాక కనీసం 50 ఏళ్లు హక్కులుంటాయి, చాలా దేశాల్లో 70. రష్యన్ నాటక రచయిత చెహోవ్ 1904లో పోయాడు, ఆయన మూల నాటకాన్ని ఇప్పుడు ఎవరైనా ఆడొచ్చు. కానీ ఈమధ్య వచ్చిన అనువాదం తీసుకుంటే అనువాదకుడి అనుమతి కావాలి. ఇదంతా చెప్పేసరికి వాళ్లకు ఇంకో మీటింగ్ టైమైంది. ఒప్పుకున్నారనుకోను, విసిగిపోయారు. చివరికి రెండు తిట్లు తీసేయాలన్నారు. హక్కుదారులకు రాశాను, సరేనన్నారు. తండ్రి తాగుబోతుగానే మిగిలాడు, చచ్చిపోయాడు కూడా. ఆ వేషం వేసిన కుర్రాడు హాలు మొత్తాన్ని ఏడిపించాడు. నేర్పింది నేనే, చెప్పుకోవడానికి మొహమాటం లేదు.

లైసెన్స్ దరఖాస్తులో హాలు సీట్లు, ప్రదర్శనల సంఖ్య, టికెట్ ఉందో లేదో ఉన్నదున్నట్టు రాయండి. ప్రవేశం ఉచితమైనా చాలా లైసెన్సులకు ఫీజు ఉంటుంది. క్లాసులో చేసుకునేదానికి చాలాచోట్ల మినహాయింపు ఉంది, బయటివాళ్లను పిలిస్తే లెక్క మారొచ్చు, మీ చట్టం చూసుకోండి. వీడియోకు విడిగా అనుమతి అడగాల్సి రావొచ్చు, మొదట్లోనే అడిగేయండి. మాకు ఆ అనుమతి రాలేదు. ఫోన్లు లోపల పెట్టమని మైకులో చెప్పినా, ముందు వరుసలో కూర్చుని మొత్తం రికార్డు చేసింది ఆ కమిటీ పెద్దమనిషే.