కళ్ళు తెరిచి చేసే ప్రార్థన

అనంతపురం జిల్లా గుత్తిలో మా అమ్మవాళ్ళ ఇంట్లో రాత్రి భోజనానికి ముందు కుటుంబ ప్రార్థన ఉంటుంది. నా చిన్నప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే. ముందు ఒక కీర్తన, తరువాత వాక్య పఠనం, ఆపైన అమ్మ ప్రార్థన. అది దేశాన్ని ఏలేవాళ్ళతో మొదలై, ఊళ్ళో జబ్బుపడినవాళ్ళ మీదుగా సాగి, మా వీధి చివర పెన్షను ఆగిపోయిన ముసలాయన దాకా వస్తుంది. ఈలోగా అన్నం చల్లారిపోతుంది.

పోయిన వేసవిలో ఆ ప్రార్థన నడుమ గరగరమని చప్పుడు వినిపించింది. కళ్ళు తెరవకూడదు కాబట్టి ఎవరమూ తెరవలేదు. ఆమేన్ అన్నాక చూస్తే, మా ఏడేళ్ళ పాప నేల మీద బోర్లా పడుకుని ఉంది. నల్లటి కడప బండ నిండా సుద్దముక్కతో బొమ్మ వేసింది. ఒక మంచం, దాని మీద ఒక మనిషి, ఆ మనిషి చుట్టూ వాన చినుకుల్లాంటి గీతలు.

"ప్రార్థన జరుగుతుంటే బొమ్మలా?" అంది అమ్మ.

"నేను కూడా ప్రార్థనే చేశాను అవ్వా," అంది పాప తన వచ్చీరాని తెలుగులో.

అమ్మ దాన్ని ఏమీ అనకుండా నా వైపు చూసింది. అక్కడ మీరు నేర్పుతున్నది ఇదా అన్నట్టుంది ఆ చూపు.

నేర్పింది నేను కాదు గానీ, ఆపనిది మాత్రం నేనే. మా గుత్తి చర్చి లండన్ మిషన్ సంప్రదాయానికి చెందినది. 1947లో సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) ఏర్పడినప్పుడు లండన్ మిషన్ సంఘాలూ, ఇంగ్లండు చర్చికి చెందిన ఆంగ్లికన్ సంఘాలూ అందులో కలిసిపోయాయి. అందుకే ఇంగ్లండు వెళ్ళాక ఆంగ్లికన్ చర్చిలో చేరడానికి మేము రెండోసారి ఆలోచించలేదు. అక్కడ పిల్లలకు ఒక మూల బల్ల వేసి కాగితాలు, రంగులు పెడతారు. ఎవరికోసం ప్రార్థించాలో వాళ్ళ పేరు కాగితం మధ్యలో రాయాలి. దాని చుట్టూ తోచిన గీతలు గీస్తూ, రంగులు నింపుతూ ఆ మనిషినే తలచుకోవాలి. గీత సాగినంతసేపూ ప్రార్థన సాగినట్టే. బొమ్మ బాగుండాలన్న నియమం లేదు. పిల్లలు అల్లరి చేయకుండా కూర్చోబెట్టడానికి ఇదొక ఉపాయం అనుకున్నాను మొదట్లో.

ఒక ఆదివారం పాప కాగితం మీద నా పేరు కనిపించింది. ఆ వారమంతా నేను మైగ్రేన్‌తో మంచం పట్టి ఉన్నాను. నా పేరు చుట్టూ ముదురు నీలం రంగును ఎంత గట్టిగా రుద్దిందంటే, కాగితం ఒకచోట చిరిగిపోయింది. ఇదేమిటని అడిగితే, "చీకటిగా ఉంటే నొప్పి తగ్గుతుందన్నావు కదా," అంది. వెలుగు కావాలని దేవుణ్ణి అడిగిన ప్రార్థనలు ఎన్నో విన్నాను. చీకటి అడిగిన ప్రార్థన అదే మొదటిది.

ఇదంతా మరునాడు అమ్మకు చెప్పాను. ముప్పై ఏళ్ళు సండే స్కూలు నడిపిన మనిషి ముందు ఒట్టి కబుర్లు చెల్లవు కనుక, బైబిలులో నిర్గమకాండం 31వ అధ్యాయం తీసి పెట్టుకున్నాను. ఇశ్రాయేలీయుల ఆరాధన స్థలమైన ప్రత్యక్ష గుడారం పనికి దేవుడు బెసలేలు అనే పనివాణ్ణి పేరు పెట్టి పిలుస్తాడు. బంగారం, వెండి, ఇత్తడి పనులకూ, రత్నాలు పొదగడానికీ, చెక్క చెక్కడానికీ తన ఆత్మతో నింపానంటాడు. ఆత్మతో నిండినది అక్కడ బోధకుడు కాదమ్మా, చేతిపనివాడు అన్నాను.

అమ్మ కళ్ళద్దాలు సర్దుకుంది. "తరువాతి అధ్యాయం చదువు."

తరువాతి అధ్యాయంలో జనం విగ్రహంగా చేయించుకుని మొక్కిన బంగారు దూడ ఉంది.

"అదీ చేతిపనే," అంది అమ్మ.

నేను మరో దారి పట్టాను. మన కీర్తనలకు పైన రాగం, తాళం వేసి ఉంటాయి కదా. పురుషోత్తమ చౌదరి (1803–1890) లాంటివాళ్ళు రాగతాళాలతో రాసినవి నువ్వు రోజూ పాడుతున్నావు, అది కళ కాదా? చెవికి ఇచ్చిన చోటు కంటికి ఎందుకు ఇవ్వవు? ఫోనులో పి. సాల్మన్ రాజు బొమ్మలు కూడా చూపించాను. విజయవాడలో ఉండి, మైనం పూసి రంగులద్దే బాటిక్ బట్టల మీద, చెక్క అచ్చులతో సువార్త కథలను చిత్రించిన లూథరన్ పాదిరి ఆయన. అమ్మ ఒక్కొక్కటీ పెద్దది చేసి మరీ చూసింది. "బాగున్నాయి. ఈయనకు ముందు వాక్యం వచ్చు. పాటకు కూడా మాటలుంటాయి. దీనికి ఏ మాటలు వచ్చు?" అంది.

ఇక నేను వాదించలేదు. పాపకు "పరలోకమందున్న మా తండ్రీ" సగం వరకే వచ్చు. మా అమ్మ ప్రార్థనలో దొర్లే కృప, కనికరం, ఆదరణ లాంటి మాటలు దానికి ఒట్టి శబ్దాలు. బొమ్మ దాని ప్రార్థన అనే నేను ఇప్పటికీ నమ్ముతాను. కానీ ఆ బొమ్మలను నేను అంతగా మెచ్చుకోవడంలో నా స్వార్థం కూడా ఉంది. ఉద్యోగం నుంచి అలిసిపోయి వచ్చిన సాయంత్రాలు దాని పక్కన కూర్చుని ఒక్కో తెలుగు మాటకూ అర్థం చెప్పే పని నాకు తప్పింది. రంగుపెన్సిళ్ళ డబ్బా కొనివ్వడం అంతకన్నా తేలిక.

ఇప్పుడు శనివారాలు వీడియోలో ప్రార్థన పెట్టుకున్నాం. షరతులు అమ్మవి. దేవుడి ముఖం వేయకూడదు. ఎవరికోసం ప్రార్థించాలో అమ్మ తెలుగులో చెబుతుంది, పాప వేస్తుంది. వేశాక అందులో ఏముందో తెలుగులోనే చెప్పాలి, మాట తెలియకపోతే అడగాలి. తెర మీద బొమ్మ చూడాలి కాబట్టి అమ్మ కళ్ళు మూసుకోవడం లేదు. ఆ సంగతి నేను ఎత్తలేదు, ఆమె కూడా ఎత్తలేదు.

మొన్న అమ్మ వాన కోసం ప్రార్థించమంది. ఏడాదికి 550 మిల్లీమీటర్లు అటూ ఇటూగా పడే జిల్లా మాది. వేరుశనగ విత్తాక రెండు వారాలు మబ్బు ముఖం చాటేస్తే రైతుకు నిద్ర ఉండదు. మామయ్య పొలంలో అప్పటికే విత్తేశారు. పాప చాలాసేపు వంచిన తల ఎత్తకుండా గీసి, కాగితం కెమెరాకు చూపించింది. పెద్ద చెట్టు, కొమ్మకొమ్మకూ మామిడికాయల్లా వేలాడుతున్న వేరుశనగ కాయలు.

అమ్మ పగలబడి నవ్వింది. "అవి భూమి లోపల కాస్తాయే తల్లీ!"

పాప కాగితాన్ని కాసేపు తేరిపార చూసింది. క్రేయాన్ గీతలు చెరగవు. గోధుమరంగు తీసుకుని చెట్టు పైన, కాగితం ఈ చివర నుంచి ఆ చివరకు మట్టి వేసింది. చెట్టు మొత్తం భూమిలోకి వెళ్ళిపోయింది. మట్టి పైన మిగిలిన రెండంగుళాల చోటులో నీలం రంగుతో వాన మొదలుపెట్టింది.

"ఇది మట్టి. ఇది వాన. ఇంకా పడుతోంది, ఆగు అవ్వా," అంది.

అమ్మ ఆగింది.