గోసాబా నుంచి గాబురా దాకా: మంచినీళ్ల వెంట

మాది దివిసీమ. 1977 నవంబరు 19 ఉప్పెన నేను పుట్టకముందు సంగతే, అయినా మా ఇంట్లో ఆ రాత్రి గురించి కంటే ఆ తర్వాత చౌడెక్కిపోయిన పొలాల గురించే ఎక్కువ చెప్పుకునేవాళ్లు. అందుకే 2023 జనవరిలో బెంగాల్ మడ అడవుల ప్రాంతం సుందర్‌బన్స్ వెళ్లినప్పుడు పులి కనబడలేదని నాకేం బాధ లేదు, నేను చూడాలనుకున్నది కరకట్టల వెనకున్న ఊళ్లని.

సియాల్దాలో లోకల్ ఎక్కి క్యానింగ్‌లో దిగాం. అక్కణ్ణుంచి ఆటోలో గోధ్‌ఖాలీ, పడవలో విద్యాధరి దాటితే గోసాబా. బెంగాలీ వచ్చిన స్నేహితుడు తోడున్నాడు కాబట్టి సరిపోయింది. పోటు వేళ కట్ట మీద నిలబడి చూస్తే గుండె గుబేలుమంది, ఒక పక్క నిండుగా నది, రెండో పక్క ఆ నీటిమట్టం కంటే పల్లంలో ఇళ్లు, పొలాలు. 2009 మే 25న ఐలా తుఫానుకి ఈ కట్టలకే గండ్లు పడి నోనా జొల్, అంటే ఉప్పునీళ్లు, ఊళ్లని ముంచేశాయి. ఆ తర్వాత రెండు మూడేళ్లు వరి సరిగ్గా పండలేదట, మగవాళ్లు కేరళకి, తమిళనాడుకి కూలికి పోయారు. మళ్లీ 2020లో అంఫన్, ఆ మరుసటేడే యాస్.

మేం వెళ్లిన ఇంటి దీదీకి మూడు బిఘాల పొలం ఉంది, మన లెక్కలో దాదాపు ఎకరం. అందులో ఐదో వంతులో గుంట తవ్వి, ఆ మట్టితో మిగతా నేలని మెరక చేసుకున్నారు. వానాకాలంలో మెరక మీద పడ్డ వాన ఉప్పుని కిందికి కడిగేస్తుంది, గుంటలో నిలిచిన మంచినీళ్లు ఎండాకాలం కూరగాయలకి ఆదుకుంటాయి, అందులోనే చేపలు కూడా. వాకిట్లో సిమెంటు బస్తాల్లో మట్టి నింపి వంగ, సొర పెట్టింది. ఒక బస్తాలోంచి చిటికెడు మట్టి తీసి నాలుకకి ఆనించుకుని, నువ్వూ చూడమని నా చేతిలో పెట్టింది. చూశాను, ఉత్త మట్టి వాసనే. కట్ట దగ్గర తీసిన చిటికెడు మాత్రం నోట్లో పెట్టుకోగానే ఉప్పు తగిలింది.

పెట్రాపోల్ దగ్గర సరిహద్దు దాటి బంగ్లాదేశ్‌లోకి, జెస్సోర్, సాత్‌ఖీరా, శ్యామ్‌నగర్ మీదుగా ఒళ్లు హూనమయ్యే బస్సు ప్రయాణం, చివర్లో ఖోల్‌పేటువా నది దాటితే గాబురా. ఇక్కడా ఐలా దెబ్బే, అదే మడ అడవి. నోనా జొల్ కాస్తా లోనా పానీ అయిందంతే.

కానీ ఇక్కడ ఉప్పునీళ్లన్నీ తుఫాను తెచ్చినవి కావు. ఘేర్లు అంటారు, మన రొయ్యల చెరువులే, వాటి కోసం కట్టలకి పైపులేసి మరీ లోపలికి పెట్టుకున్నారు. దానికి తోడు 1975లో గంగ మీద మన ఫరక్కా బ్యారేజీ నడవడం మొదలయ్యాక ఎండాకాలంలో ఇటు నదుల్లోకి వచ్చే మంచినీళ్లు తగ్గిపోయాయి. ఈ మాట ఓ పెద్దాయన కోపం లేకుండానే చెప్పాడు, నాకే తలెత్తి వినడం కష్టమైంది. సముద్రమట్టం పెరగడం, తుఫానులు ముదరడం నిజమే, నేను కాదనడం లేదు. అయితే అన్నీ వాతావరణం మీదకి నెట్టేసి, పేదవాళ్లని మాత్రం మీరే సర్దుకోండి అనడం అన్యాయం. మా వైపు రొయ్యల చెరువుల పక్కన బోర్లు ఉప్పెక్కడం చూసినవాళ్లకి ఈ సంగతి విడమర్చి చెప్పక్కర్లేదు.

గాబురాలో చాలా ఇళ్ల పక్కన నల్ల ట్యాంకు, రేకుల కప్పు నుంచి దాంట్లోకి సగానికి చీల్చిన పైపు. తాగడానికి ఆ వాన నీళ్లే. అవి అయిపోతే ఆడవాళ్లు బిందెలు పట్టుకుని దూరంగా ఉన్న చెరువుకి నడవాలి. ఒక ఆపా, అంటే అక్క, ట్యాంకు కుళాయి తిప్పి గ్లాసు నిండా నీళ్లు పట్టి ఇచ్చింది. మా స్నేహితుడు ట్యాంకుని వేళ్లతో తట్టి చూస్తే సగానికి పైగా బోలు చప్పుడు. అప్పటికి జనవరే, మళ్లీ వానలు పడేది జూన్‌లో. తాగడానికి మనసొప్పలేదు, వద్దంటే ఆమె నొచ్చుకుంటుంది. తాగేశాను.

మాదీ సముద్రం పక్క ఊరేనని, 1977 ఉప్పెన సంగతి చెబితే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని విన్నది. మరి ఇప్పుడు మీ ఊళ్లో తాగడానికి నీళ్లెక్కణ్ణుంచి వస్తాయని అడిగింది. ఇరవై లీటర్ల డబ్బా కొనుక్కుంటాం ఆపా, అన్నాను.

ఎంతకిస్తారు, అంది.