స్లైసుల లెక్క అడుగుతారు, మొలతాడు మాత్రం తియ్యరు

నల్లగొండలో సీటీ స్కాన్‌కు వచ్చేవాళ్లలో చదువుకున్నవాళ్లయితే మొదట అడిగేది మీది ఎన్ని స్లైసుల మెషిన్ అనే, అంటే ఒక్క చుట్టులో ఎన్ని అడ్డకోత బొమ్మలు తీస్తుందని. 128 అంటే సరే అంటారు, 16 అంటే మొహం మారిపోతుంది, పట్నం పోదామా అని పక్కకు జరిగి మాట్లాడుకుంటారు. గుండె సీటీకైతే ఆ స్పీడ్ కావాల్సిందే, కాదనను. కడుపు, ఛాతీ సీటీల్లో బొమ్మ చెడేది మాత్రం ఎక్కువగా బటన్ నొక్కకముందు బల్ల మీదే.

వెండి మొలతాడునే తీసుకోండి. ఎక్స్‌రే దాన్ని దాటి రాలేదు, అవతల ఎక్స్‌రేను పట్టే డిటెక్టర్‌కు ఏమీ అందదు, ఆ ఖాళీ వల్ల కంప్యూటర్ కట్టే బొమ్మలో దాని చుట్టూ నల్లవీ తెల్లవీ చారలు లేస్తాయి. కిడ్నీలో చిన్న రాయి ఉంటే ఆ చారల్లోనే కలిసిపోవచ్చు. ఊపిరి సంగతీ అంతే. మెషిన్ ఇంగ్లీషులో ‘బ్రీత్ ఇన్’ అంటే మర్రిగూడ అవ్వకు ఏం తెలుస్తుంది? స్కాన్‌కు ముందే ఒకసారి పక్కన నిలబడి ‘అవ్వా, దమ్ము గుంజు, ఇగ ఆపు’ అని చేయించుకుంటే చాలు, లివర్ అంచు చెదరకుండా వస్తుంది.

మా దిక్కు ఇంకో తిప్పలుంది, ఫ్లోరైడ్ నీళ్లు తాగిన పెద్దవాళ్లు. ఎముకలు గట్టిపడి, కీళ్లు బిగుసుకుని చేతులు తల మీదికి లేవవు, వీపు వంగి వెల్లకిలా పడుకోలేరు. చేతులు పక్కనే వదిలేస్తే అడ్డంగా వచ్చే ఎక్స్‌రే రెండు చేతుల ఎముకల్నీ దాటాలి, లివర్ మీదుగా అడ్డచారలు పడతాయి. అప్పుడు పొట్ట మీద పెద్ద దిండు పెట్టి చేతులు దాని మీద ఆనిస్తాను, చారలు చాలావరకు తగ్గుతాయి. బల్ల ఎత్తు కూడా చూసుకోవాలి, ఎందుకంటే ఎక్స్‌రే వదిలే ట్యూబ్ ముందుండే ఫిల్టర్ నడుమ పలుచగా, అంచుల్లో మందంగా ఉంటుంది, మనిషి గ్యాంట్రీ (మెషిన్ గుండ్రటి చట్రం) నట్టనడుమ లేకపోతే ఒంటికి ఎక్స్‌రే సరిగా అందక బొమ్మలో ఇసుక చల్లినట్టు గరుకు పెరుగుతుంది.

గరుకు పోవాలంటే డోస్, అంటే రేడియేషన్, పెంచితే సరిపోదా అంటారు కొందరు. గరుకు సగం చేయాలంటే రేడియేషన్ నాలుగింతలు కావాలి! అందుకే ఇప్పటి మెషిన్లు తక్కువ డోస్‌తో తీసి, సాఫ్ట్‌వేర్‌తో గరుకు తగ్గిస్తాయి, ఇటరేటివ్ రీకన్‌స్ట్రక్షన్ అంటారు. అదీ మోతాదు మించితే బొమ్మ ప్లాస్టిక్‌లా నున్నగా అయిపోయి, లివర్‌లో చిన్న గడ్డ పక్క కండతో కలిసిపోతుంది, అందుకే మా రేడియాలజిస్ట్ సార్ ఆ సెట్టింగ్‌ను మధ్యలోనే ఉంచమంటారు.